పురుగు తిన్న చిక్కుడాకు

మగ్గం వర్క్ దుకాణం నడిపే శ్యాం ఒకనాడు జహీరా బేగం సంచిని గల్లాబల్ల మీద బోర్లించాడు. దుకాణం నిండా పెళ్లివాళ్లు. సంచిలోంచి అన్నం డబ్బా, కళ్లద్దాలు, చుట్టచుట్టిన ట్రేసింగ్ కాగితాలు పడ్డాయి. వాటి మీది పువ్వులు ఆమె ఇంట్లో కూర్చుని గీసుకున్నవి. అవి తన దుకాణం డిజైన్లని, బయట అమ్ముకోవడానికి ఎత్తుకుపోతున్నదని శ్యాం అందరికీ వినబడేటట్టు చెప్పాడు. కాగితాలు తనే ఉంచుకున్నాడు. ఏండ్ల తరబడి అక్కడ జాకెట్ల మీద జరీ కుట్టిన మనిషి అన్నం డబ్బా ఏరుకుని ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఇంట్లోనే మగ్గం బిగించుకుంది. గీయడం మాత్రం మానేసింది.

మహబూబాబాద్ బస్టాండు దారిలో నాదొక జిరాక్సు దుకాణం. గిరాకీలు ఫోన్లో పంపిన బొమ్మలు ప్రింటు తీయించుకోవడానికి ఆమె నా దగ్గరికి వచ్చేది. ప్రింటు మీద ట్రేసింగ్ కాగితం పెట్టి గీతల వెంబడి సూదితో పొడుస్తారు. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో అద్దితే బెజ్జాల్లోంచి చుక్కలు దిగుతాయి. ఇక చుక్కల మీద కుట్టుకుంటూ పోవడమే. గిరాకీ ఇచ్చిన బొమ్మకు ఆమె ఒక్క రెమ్మ కలిపేది కాదు, ఒక్కటి తీసేది కాదు. చెడిపోయిన ప్రింటు కూడా మడిచి సంచిలో వేసుకునేది. కంప్యూటర్లోంచి బొమ్మ తీసేసేదాకా కదిలేది కాదు. చెత్తబుట్టలకెళ్లి గూడ తీసినవా అని అడిగేది. నాకు ఒళ్లు మండేది.

మొన్నటి వానాకాలం ఆమె రావడం ఆగిపోయింది. పని ఆగలేదు. మా గల్లీ టీచరమ్మ జాకెట్టు చేతుల మీద ఒక కుట్టు చూశాను. నెమలి కాదు, మామిడిపిందె కాదు. ఆకుపచ్చ పట్టును అక్కడక్కడ ఎవరో కొరికినట్టు బంగారు మచ్చలు, వాటి నడుమ సన్నటి ఈనెలు. ఎవరు కుట్టారంటే జహీరా అంది.

నేను నమ్మలేదు. పెళ్లికార్డుల్లో మాటలు, పుట్టినరోజు ఫ్లెక్సీల మీద పులులు, చనిపోయినవాళ్ల ఫోటో కింద కన్నీళ్లు, ఈ ఊళ్లో అన్నీ ఎక్కడినుంచో దించినవే. దించేది నేనే. ఈమెకూ ఎవరో ఇస్తున్నారు, లేకపోతే శ్యాం అన్న మాటే నిజం అనుకున్నాను.

శ్యాంకూ అదే అనుమానం. ఆ డిజైను ఎక్కడిదో కనిపెట్టమని నా దుకాణానికి వచ్చాడు. తనదేనని తేలితే ఊళ్లో ఆమెకు జాకెట్టు ముక్క దొరకకుండా చేస్తానన్నాడు.

మా చెల్లె మనీషా పెళ్లి దగ్గరపడింది. జాకెట్టు బట్ట పట్టుకుని ఇద్దరం జహీరా ఇంటికి పోయాం. ఆమె చూపు ముందు నా జేబులో ఉన్న ఫోను మీద పడింది.

"శ్యాం తోలిండా నిన్ను?"

"తోలిండు ఆపా. జాకెట్టు మాత్రం మా చెల్లెదే."

ఆమె భర్త లతీఫ్ వాకిట్లో ఆటో తుడుస్తున్నాడు. "ఇన్నొద్దులకు నిజం చెప్పే దొంగ దొరికిండు," అని నవ్వాడు.

నా ఫోను గూట్లో పెట్టించి, మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయింది. ముసురుకు ఇంట్లో వెలుతురు చాలక మగ్గాన్ని చిక్కుడు పందిరి పక్కకు తెచ్చుకుందట. పందిరికి పురుగు పట్టింది. ఒక్క ఆకూ నిండుగా లేదు. మా ఇంట్లో అయితే ఎప్పుడో మందు కొట్టేవాళ్లం. నచ్చిన ఆకు తెంపుకొమ్మని మనీషాకు చెప్పింది. మనీషా తెంపిన ఆకును బట్ట మీద పరిచి, తెల్లపొడి గుడ్డతో అద్ది, మెల్లగా ఎత్తింది. పురుగు తిన్న చోటల్లా తెల్లటి మచ్చ దిగింది.

మొదటిసారి పొరపాటున జరిగిందట. మనసు ఎక్కడో ఉండి, పొడిచిన కాగితం అనుకుని, బట్ట మీద రాలిన ఆకు మీద అద్దింది. తుడవడానికి కిరోసిన్ గుడ్డ తీసి కూడా తుడవలేకపోయింది. కుట్టడానికి మాత్రం భయమేసింది, ఇది కూడా ఎవరిదో అంటారని. రోజూ పొద్దున్నే పందిరి కింద నిలబడి ఆకులు చూసేది. ఏ రెండూ ఒక తీరుగా లేవు. ఇక ఎవరిదని అంటారులే అనుకున్నాక సూది పట్టిందట.

ఇంటికొచ్చినా నాకు అనుమానం తీరలేదు. ఆకు కథ మాకోసం ఆడిన నాటకమేమోనని, మా పెరట్లో చిల్లులు పడ్డ ఆకు ఒకటి తెచ్చి పాత బట్ట మీద సుద్దపొడి అద్దాను. వచ్చినవి మరకలు. శ్యాంకు ఈ ఆకు సంగతి చెబితే చాలాసేపు నవ్వాడు. నవ్వి, జాకెట్టు చేతికి రాగానే పెళ్లికి ముందే స్కాన్ చేసి ఇమ్మన్నాడు, తన దుకాణంలో కుట్టించుకుంటాడట.

జాకెట్టు తీసుకోవడానికి ఒక్కణ్నే పోయాను. ఈసారీ నా ఫోను గూట్లో పెట్టించింది. మనీషా పుస్తకంలో దాచిన ఆకు జేబులో ఉంది. దాన్ని జాకెట్టు చెయ్యి మీద పెట్టి చూశాను. అంతా కలవలేదు. ఆకు మీది పెద్ద బెజ్జం ఆమె కుట్టలేదు. ఆకులో సగానికే ఆగిన ఈనెను అంచు దాకా లాగింది. దొరికావు అన్నట్టు ఆమె వైపు చూశాను.

"పురుగుకు ఆకలైంది, తిన్నది," అంది. "అందం అది జూసుకుంటదా? నేను జూసుకోవాలె."

శ్యాం స్కాన్ అడిగిన సంగతి చెప్పేశాను. ఆమె లోపలికి పోయింది. జాకెట్టు ఇవ్వదేమో అనుకున్నాను. గూట్లోంచి నా ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. జాకెట్టు చేతులు రెండూ వెలుతురులో పరిచింది.

"తీసుకపో తమ్మీ ఫోటో. ఆయనకియ్యి. మా పందిరి మీద పురుగు ఇంకా తింటనే ఉన్నది."