అమ్మమ్మ పెట్టిన ఏడుపు పరీక్ష

మా అమ్మమ్మకు చావంటే భయం లేదు. తన మీద సరిగ్గా ఏడ్చేవాళ్లు ఉండరేమోనన్నదే భయం. సూర్యాపేటలో మా వాడకట్టులో ఎవరు పోయినా, పోయినవాళ్ల మంచి చెప్పుకుంటూ ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చేవారు. ఆ రాగం ఎత్తే గొంతు చాలా ఏళ్లు అమ్మమ్మదే.

ఎనభైల చివర్లో ఒక వేసవి మధ్యాహ్నం మనవరాళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను మిర్యాలగూడలో డిగ్రీ చదువుతున్నాను. మా పెద్దమ్మ కూతురు నాకంటే రెండేళ్లు చిన్నది, కోదాడకు కోడలై వెళ్లింది.

"సచ్చినంక నాకు ఇనవడదు గద. జర ఇప్పుడే ఏడ్వుండ్రి, సూస్త."

పెద్దదాన్ని కదా, హక్కు నాదే అనుకుని గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఏందే, రేడియోల వార్తలు సదివినట్టు? మాట మాటకు సుక్క పెడుతున్నవ్!"

చెల్లి అందుకుంది. మాట చివరను కోదాడ తీరుగా సాగదీసి, ఆ సాగదీతలోనే ఊపిరి పీల్చుకుని మళ్లీ పైకెత్తింది. అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. తన చావుకు తనే!

"ఇది మన రాగం కాదు, కోదాడ సాగుడు," అన్నాను ఉక్రోషంగా.

"మా అమ్మ ఆగి ఆగి, నేల కొట్టుకుంట ఏడ్సేది. నేను రాగం ఉరికిస్తే, గిదేం ఏడుపే అని తిట్టింది. గిప్పుడు ఇది సాగదీస్తున్నది. ఏమైతది? ఇగ నువ్వు దీని ఎనుక అందుకో," అంది అమ్మమ్మ.

దాని వెనక నేనట! డిగ్రీలో ఫస్టు క్లాసు, ఏడుపులో సెకండు. చెల్లిని చూసి ఏడవడం మాత్రం నాకు రాగం అక్కర్లేకుండానే వచ్చేసింది.

మరుసటి ఏడు ఒక ఉదయం అమ్మమ్మ పోయింది. నేను ముందే చేరాను; చెల్లి ఎక్కిన బస్సు ఇంకా దారిలో మునగాల కూడా దాటలేదు కాబోలు. రాగం ఎత్తేవాళ్లు లేక ఆడవాళ్లు నావైపు చూశారు. చెప్పడానికి సిగ్గు, అంత దుఃఖంలోనూ లోపల ఎక్కడో సంతోషం కలిగింది.

నోరు తెరిచాను. మాట చివర సాగింది, సాగుతూనే ఊపిరి తీసుకుంది, పైకి లేచింది. వాడకట్టంతా నా వెనకే అందుకుంది.

అంతలో చెల్లి వచ్చి పక్కన కూలబడింది. నా భుజం మీద తలపెట్టి, వెక్కిళ్ల మధ్యనే చెవిలో అడిగింది:

"అక్కా, ఇది నాది గదా? ఎప్పుడు నేర్చుకున్నావ్?"

ఏడాదిగా హాస్టలు స్నానాలగదిలో, ఎవరికీ వినబడకుండా నల్లా తిప్పి మరీ సాధన చేశానని దానితో ఎలా చెప్పను? ఇంకా గట్టిగా ఏడ్చాను.