మామ ఘటాన్ని నేను తోమిన రోజు

ఆ ఘటాన్ని తోమింది నేనే. ముప్పై ఏళ్ళకు పైగా ఈ చిన్న మాటను నోట్లోనే పెట్టుకుని తిరిగాను. ఆ రోజుల్లోనే చెప్పేసి ఉంటే రెండు లెంపకాయలతో పోయేది. చెప్పకపోవడం వల్ల ఇద్దరు స్నేహితుల మధ్య మాటలు పోయాయి, నాకు మాత్రం సంగీతాభిమాని అన్న పేరు వచ్చింది. ప్రస్తుతం తిరుపతిలో ఒక చిన్న సంగీత సభకు నేను కార్యదర్శిని. ప్రతి కచేరీకీ మొదటి వరుసలో కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుని "భళా" అంటాను. (ఎక్కడ అనాలో పక్కవారిని చూసి తెలుసుకుంటాను.) మీరు విన్నవాటిలో ఏ కచేరీ ఇష్టమని ఎవరైనా అడిగితే, నేను విన్న మొట్టమొదటిదే అని చెబుతాను. అందులో అబద్ధం లేదు. వివరాలు అడిగితేనే మాట మారుస్తూ వచ్చాను.

మాది కార్వేటినగరం పక్కన ఒక పల్లె. డిగ్రీలో ఒక సబ్జెక్టు నన్ను విడిచిపెట్టకపోవడంతో, దాన్ని వదిలించుకోవడానికి పంతొమ్మిదో ఏట తిరుపతిలో మా మేనమామ ఇంటికి చేరాను. మామ పగలు బట్టల కొట్లో గుడ్డ కొలిచేవాడు, సాయంత్రం ఘటం వాయించేవాడు. ఆయన ప్రాణస్నేహితుడు చిత్తూరు బడిలో లెక్కల ఉపాధ్యాయుడు, మృదంగం వాయించేవారు. అందరూ ఆయన్ని లెక్కలయ్యోరు అనేవాళ్ళు. ప్రతి ఆదివారం పొద్దున మృదంగాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చేవారు, ఇద్దరూ మిద్దె మీద సాధన చేసేవాళ్ళు. "గుడ్డ కొలిచినట్టు సాగదీస్తావేమిరా" అని ఆయన, "నువ్వు పిలకాయల్ని కొట్టినట్టు కొట్టకుంటే సాలు" అని ఈయన. ఈ తిట్ల మధ్యలో ఎప్పుడో సంగీతం వచ్చేది. కాఫీ లోటాలు మోసుకుంటూ నేను మెట్లెక్కి దిగేవాణ్ణి. నా సంగీత విద్యాభ్యాసం అంతే.

ఒక శ్రీరామనవమికి చిత్తూరు బజారు వీధి పందిట్లో మద్రాసు నుంచి పేరున్న గాయని ఒకావిడ పాడబోతున్నారని, ఆమె ఘటం మనిషికి జ్వరమని, మృదంగం వాయించబోయే లెక్కలయ్యోరు మా మామ పేరు చెప్పారని కబురు వచ్చింది. వాయించడం నచ్చితే ఈ పక్క తన కచేరీలన్నింటికీ మామనే పిలుస్తానని ఆవిడ అన్నారట. గుడ్డలు కొలిచే మనిషికి అంతకుమించిన మాట ఏముంటుంది? మామ ఉన్న ఒక్క పట్టు చొక్కానూ మూడుసార్లు ఇస్త్రీ చేయించాడు. అన్నం ముందు కూర్చుని తొడ మీద దరువు వేసుకుంటూ, వడ్డించింది తినకుండానే లేచిపోయేవాడు.

అంత గొప్ప కార్యంలో నా వంతు సేవ కూడా ఉండాలని నాకు అనిపించింది. కచేరీ రోజు పొద్దున మామ కొట్టుకు పోయాడు. అత్త పుట్టింట్లో ఉంది. ఇంట్లో నాకు అడ్డు చెప్పగల మనిషి లేడన్నమాట. గోనెసంచి విప్పి ఘటం బయటికి తీశాను. పైన చేతుల చెమట మరకలు. లోపల చెయ్యి పెడితే, అక్కడక్కడా ఎండిపోయిన బంకమట్టి పెచ్చులు. మద్రాసు వాళ్ళ ముందు మా మామ ఇంత మురికి కుండతో కూర్చుంటాడా అనుకున్నాను. పిడకల బూడిద, కొబ్బరిపీచు తెచ్చి, మా అమ్మ సంక్రాంతికి కుండలు తోమినట్టు తోమాను. లోపలి మట్టి ఒక పట్టాన రాలేదు. చెంచా కాడతో గీకి గీకి వదిలించి, కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను. ఎండలో ఆరబెట్టి, తుడిచి, మళ్ళీ సంచిలో కట్టేశాను. మామ అడిగితే చెబుదామని, అడగకపోయినా ఎలాగైనా చెబుదామని, మెప్పు కోసం మధ్యాహ్నం దాకా తహతహలాడాను.

మామూలుగా అయితే మామ గంట ముందే పోయి, శ్రుతి పెట్టించుకుని, ఘటం సరిచూసుకునేవాడు. ఆ రోజు మా బస్సు పూతలపట్టు దగ్గర టైరు పంక్చరై, మేము పందిరి చేరేసరికి ఆవిడ వర్ణం మొదలుపెట్టేసింది. మామ చెమటలు కక్కుకుంటూ వేదిక ఎక్కి, కుండను ఒళ్ళోకి లాక్కుని వాయించడం మొదలుపెట్టాడు. నేను పానకం గ్లాసుతో ముందర చాప మీద కూర్చున్నాను. నాకు అదే మొదటి కచేరీ. ఘటం ఖణఖణమని మిగతా వాయిద్యాలన్నింటికంటే పైకి వినిపిస్తుంటే, అది నా కొబ్బరిపీచు మహిమే అని పొంగిపోయాను.

రెండో కీర్తనలో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. మూడో కీర్తనలో మరో రెండుసార్లు చూసింది. మెచ్చుకుంటోందని నేను పక్కన కూర్చున్న పెద్దాయనకు వివరించాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "శ్రుతి దించేదానికి ఘటం లోపల బంకమట్టి పూసుకుంటారు నాయనా. ఈయప్ప మట్టి లేకనే వచ్చేసినట్టుండాడు. కుండ శ్రుతి ఎక్కేసి ఉండాది, పాపం" అన్నాడు. పానకం గ్లాసు చాప మీద పెట్టేశాను. అంతలోనే ఆవిడ అరచెయ్యి చూపించి ఘటాన్ని ఆపమంది. నిండు పందిట్లో మా మామ కుండను ఒళ్ళో పెట్టుకుని, చేతులు దాని మీద ఆనించి, ముప్పావుగంట ఊరికే కూర్చున్నాడు.

పాట ఆగి తాళవాద్యాల వంతు వచ్చింది. లెక్కలయ్యోరు పక్కనున్న రాయి తీసి, మృదంగం అంచు మీద నాలుగు దెబ్బలు కొట్టి శ్రుతి మార్చారు. తర్వాత తల తిప్పి మామను వాయించమన్నారు. ఇద్దరూ పావుగంట వాయించారు. నాకున్న జ్ఞానానికి అది బ్రహ్మాండంగానే వినిపించింది. మామ కళ్ళు మాత్రం ఆ రాయి మీదే ఉన్నాయి.

రాత్రి ఇల్లు చేరి మామ సంచి విప్పకుండానే పడుకున్నాడు. తెల్లవారుజామున ఆయన లేవకముందే నేను లేచి, కరివేపాకు చెట్టు మొదట్లోని మట్టిని తడిపి ఘటంలో యథాస్థానాల్లో మెత్తాను. (యథాస్థానాలు అంటే నాకు గుర్తున్నవి.) ఈ రెండో పనిని పొరపాటని చెప్పుకోలేను. సాయంత్రం కొట్టు నుంచి వచ్చాక మామ కుండలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మట్టి ఉంది. కుండలో తప్పు లేనప్పుడు ఇక తప్పు ఎవరిలో ఉందో తేల్చుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

ఆ ఆదివారం లెక్కలయ్యోరు ఎప్పటిలాగే వచ్చారు. మామ మెట్ల మధ్యలో నిలబడి దారి ఇవ్వలేదు.

"నా కుండ సరిగానే ఉండాది. రాయి ఎవురి చేతిలో ఉనింది?"

"నా చేతిలోనే."

"నన్ను తప్పుగా చూపించాలని నువ్వే శ్రుతి అటూ ఇటూ చేసినావు."

అయ్యోరు మృదంగాన్ని చంకన సర్దుకుని దిగిపోయారు. కాఫీ లోటాలతో నేను కింది మెట్టు మీదే ఉన్నాను. నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరిచాను కూడా. "సారూ, కాఫీ తాగిపోండి" అన్నాను.

మామ ఊరుకోలేదు. తోటివాణ్ణి ముంచిన మనిషని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. తిరుపతిలో లెక్కలయ్యోరిని కచేరీలకు పిలవడం మానేశారు. మద్రాసు ఆవిడ మామను మళ్ళీ పిలవలేదు. ఇద్దరి సంగీతాన్నీ కొబ్బరిపీచుతో తోమేసి, నేను మాత్రం సబ్జెక్టు గట్టెక్కి, ఉద్యోగం తెచ్చుకుని, కళాపోషకుణ్ణయ్యాను.

మొన్న మా సభ కమిటీవాళ్ళు, ఈ తరం వాళ్ళు, పాత గొడవ తెలియక, లెక్కలయ్యోరికి సన్మానం చెయ్యాలని తీర్మానించారు. కార్యదర్శిగా ఆయన గురించి నేను ఐదు నిమిషాలు మాట్లాడాలట. ఆహ్వానం మామకు ఇస్తే, కళ్ళద్దాలు పెట్టుకుని చదివి నా ఒళ్ళోకి విసిరేశాడు. "నా నోట్లో మన్ను కొట్టినోనికి శాలువ కప్పతారంటనే. కప్పండప్పా. నువ్వే కప్పు."

ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాను. అప్పుడు చెప్పాను: బూడిద, పీచు, చెంచా కాడ, కరివేపాకు చెట్టు, అన్నీ. మామ కళ్ళద్దాలు తీసేశాడు.

"ఇన్నేండ్లు నీ ముందరే కదరా వాణ్ణి తిట్టినాను. ఒక్కనాడన్నా నీకు నోరు రాలేదా?"

"భయం మామా."

"నేను వాణ్ణి నలుగుర్లో అనినా. నువ్వు నలుగుర్లోనే చెప్పు. నేను వచ్చి ముందర కూర్చుంటా."

సన్మానానికి నలభై మంది వచ్చారు, మైకు వాళ్ళతో కలిపి. మామ మొదటి వరుసలో కూర్చుని వేదిక వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు. నేను మంచి గ్రాంథికంలో మూడు పేజీలు రాసుకుని వచ్చాను. ఘటం తోమిన కథ చదువుతుంటే జనం పడీపడీ నవ్వారు. నేనూ కొంచెం రెచ్చిపోయి, బూడిద దగ్గర రెండు మాటలు అదనంగా చేర్చాను. లెక్కలయ్యోరు నవ్వలేదు. తన ముందున్న మైకును జరుపుకుని, నాతో కాకుండా మామతో మాట్లాడారు.

"నీ కుండ ఎక్కి ఉండాదని నాకు మొదటి పాటలోనే తెలిసిందిరా. పాట లేని చోటన్నా ఇద్దరం ఒకటిగా పలకాల అని, నా మృదంగం శ్రుతినే నీ కుండ కాడికి ఎక్కించినా. ఆయమ్మ నన్నూ తిట్టింది."

మామ లేచి నిలబడ్డాడు. "ఆ పొద్దు మెట్ల కాడ చెప్పకూడదా?"

"నువ్వు అడగలేదు కదరా. తేల్చేసి చెప్పినావు."

హాలులో నవ్వు ఆగిపోయింది. మామ ఒక్కో మెట్టూ పట్టుకుని వేదిక ఎక్కి, అయ్యోరి పక్క కుర్చీలో, నా కోసం వేసిన దాంట్లో, కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మోకాళ్ళు మాత్రం దాదాపు తగులుతున్నాయి. నా చేతిలో ఇంకా పేజీన్నర మిగిలి ఉంది. అందులో పశ్చాత్తాపం గురించి సంస్కృత సమాసాలు నాలుగు ఉన్నాయి. వాటిని చూస్తే, కుండ తళతళలాడుతోందని మురిసిపోయిన ఆ పంతొమ్మిదేళ్ళవాడే యాభై దాటి ఇప్పుడు మాటలు తోముతూ ఇక్కడ నిలబడ్డాడనిపించి, నాలో నేనే నవ్వుకున్నాను. కాగితాలు మడిచి, మైకు పక్కకు జరిపి, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే అన్నాను: "సారూ, మామా, కుండ కడిగింది తెలియక. మట్టి మళ్ళీ పెట్టింది తెలిసే. మీ ఇద్దరికీ అన్యాయం చేసినాను. నన్ను మన్నించండి."