లోను వద్దన్న ఏజెంటు

నిన్న మధ్యాహ్నం భోజనం వేళ ఎవరో అమ్మాయి ఫోను చేసి, మీకు ఇంటి లోను ముందే మంజూరై ఉందండి, ఊ అంటే చాలని తియ్యగా చెబుతుంటే ఒళ్ళుమండి పెట్టేశాను గానీ, ఆ తర్వాత అన్నం సయించలేదు. నల్లగండ్లలోని ఈ అద్దె ఇంట్లో కూర్చుని, ఒకప్పుడు నన్ను లోను తీసుకోవద్దన్న ఒకే ఒక్క మనిషిని తలుచుకున్నాను.

అతను మా ఆఫీసు అటెండరు బావమరిది, శేరిలింగంపల్లిలోనే పుట్టి పెరిగి, బ్యాంకుల చుట్టూ తిరిగి ఇంటి లోన్లు ఇప్పించే ఏజెంటు. మేం కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాం, నేను రిటైరయ్యేలోగా సొంత గోడకి మేకు కొట్టుకోవాలన్నది మా ఆవిడ కోరిక. అద్దె గోడకి మేకు కొడితే ఓనర్ల మొహాలు ఎలా మారతాయో మీకూ అనుభవమే. ఒక ఫ్లాటుకి అడ్వాన్సిచ్చి కాగితాలు అతని చేతిలో పెడితే, జిరాక్సులు తీసుకుని పోకుండా, మంచి వానల్లో నన్ను బండెక్కించుకుని వెళ్ళి, సెల్లారులో నిలిచిన నీళ్ళు చూపించాడు.

"గిది చెరువు భూమి సార్. చిన్నప్పుడు మేం ఈడ చేపలు పట్టినం. రెండు బ్యాంకులు ఈ బిల్డింగు ఫైళ్ళు వాపస్ పంపినయి. అడ్వాన్సు పోతే పోనియ్యి, ఇగ వద్దు."

వేరే ఫ్లాటేదో అంటగట్టాలని చూస్తున్నాడనుకున్నాను. లోను వస్తేనే అతనికి కమిషను, వద్దంటే చిల్లిగవ్వ రాదన్న ఇంగితం, ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు చూసిన నాకు తట్టలేదు. అతనికి చెప్పకుండా, ఫోనులో దొరికిన ఏదో ఫైనాన్సు సంస్థ దగ్గర ఎక్కువ వడ్డీకి లోను తీసుకుని ఆ ఫ్లాటే కొన్నాను. స్థలం చూడటానికి వాళ్ళు ఎవర్నీ పంపలేదు, అదే పెద్ద సుఖమనుకున్నాను.

మూడో ఏడు, చెరువులో కట్టిన బిల్డింగంటూ కూల్చేసే యంత్రాలొచ్చాయి. సామాను తీసుకోవడానికి ఒక్క పూట గడువిచ్చారు. అటెండరు ద్వారా తెలిసిందేమో, పిలవకుండానే అతను ట్రాలీ ఆటో తెచ్చి, స్టూలెక్కి దేవుడి పటాలు తనే దించి మా ఆవిడకి అందించాడు. ఆవిడకి తెలుసనుకుని, "ఏం జేస్తం అమ్మా, నేనైతే అప్పుడే వద్దన్న" అని మెల్లగా అన్నాడు.

ఆవిడ నా వంక చూసి, "నాకు చెప్పలేదేమండీ?" అంది. నేను స్టూలు తీసుకెళ్ళి ఆటోలో పెట్టాను.

ఫోన్లలోనే లోన్లు వస్తుంటే బేరాల్లేక, అతనిప్పుడు కొత్తగూడలో కర్రీ పాయింటు పెట్టుకున్నాడు. లేని ఇంటికి వాయిదా నా పెన్షన్లోంచి నెలనెలా పోతూనే ఉంది. మన కాలంలో అప్పు పుట్టాలంటే ఒక మనిషి వచ్చి నేల చూసి, మొహం చూసి వెళ్ళేవాడు, అది మనకి చిరాకుగా ఉండేది. ఇప్పుడు అందరూ ఇస్తామనేవాళ్ళే, వద్దని చెప్పేవాడు ఒక్కడూ లేడు. ఈ ఇంటి ఓనరు మంచివాడు, మేకు కొట్టుకోమన్నాడు. మా ఆవిడ మాత్రం పటాలను అట్టపెట్టెలోంచి బయటికి తియ్యలేదు.