పడని వేళ్ళు

రెండో గుడ్డ మా ఇంట్లో బీరువా మీద చుట్టి పెట్టి ఉంది. హైదరాబాదులో నా బొమ్మలు ప్రదర్శించే గ్యాలరీ ఆవిడ దానికోసం ఆరు నెలలుగా ఫోన్ చేస్తోంది. మొదట్లో ముద్దుగా అడిగేది, ఇప్పుడు కాస్త గట్టిగానే అడుగుతోంది. ఇంకు ఆరలేదని ఒకసారి, ఎలుక కొరికిందని ఒకసారి చెప్పాను. నలభై దాటిన మనిషిని, హోంవర్కు చేయని పిల్లలా అబద్ధాలు వెతుక్కుంటున్నాను. ఆ గుడ్డ మీద ఉన్నవి మా ఊరి ఆడవాళ్ళ వేలిముద్రలు. ముద్రలని పేరుకే. అన్నీ నీలం మచ్చలు, ఒక్కదానిలోనూ గీత కనపడదు. దాన్ని చుట్టి పైన పెట్టిన రోజు నుంచి నేను బ్రష్షు పట్టలేదు.

మాది ముత్తుకూరు పక్కన పల్లె. పోర్టు వచ్చాక మగవాళ్ళు లారీల మీదికీ, గేట్ల దగ్గర కాపలాకీ పోయారు. ఆడవాళ్ళకు అంతకు ముందు నుంచే రొయ్యల షెడ్డు ఉంది. మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ అందులోనే పనిచేసింది. ఐసు ముక్కల్లో చెయ్యి పెట్టి రొయ్యను తీయడం, తల తుంచడం, పొట్టు ఒలిచి ట్రేలో వేయడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. గ్లవుజులు ఇస్తారు గానీ వేసుకుంటే చెయ్యి సాగదని ఎవరూ వేసుకోరు. కొన్నేళ్ళకు ఆ ఐసుకూ పొట్టుకూ వేళ్ళ కొసలు అరిగి నున్నబడిపోతాయి. నాకు జ్వరమొస్తే అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టేది. అరచెయ్యి గరుకుగా, వేలి కొసలు మాత్రం వాడిన సబ్బుబిళ్ళలా జారుతూ తగిలేవి. అందరి అమ్మల చేతులూ అలాగే ఉంటాయనుకునేదాన్ని.

నేను మొదట బ్రష్షు పట్టింది మా చర్చి గోడ మీద. క్రిస్మస్‌కు ముందు గోడలకు సున్నం కొట్టి వాక్యాలు కొత్తగా రాయించేవాళ్ళు. రాసే పెయింటరు ఒక ఏడాది ఎగ్గొట్టాడు. బడిలో నా చేతిరాత బాగుంటుందని ఎవరో చెబితే పాస్టరయ్యగారు నన్ను నిచ్చెన ఎక్కించారు. ఆడపిల్లను నిచ్చెన ఎక్కించడమేమిటని సంఘంలో పెద్దలు నసిగారు. అక్షరాలు చూశాక నోరు మూసుకున్నారు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది మా అమ్మే.

తర్వాత హైదరాబాదులో బొమ్మల కాలేజీ. మా క్లాసులో మగపిల్లలు గీసిన ఆడవాళ్ళందరికీ చంకలో బిందె ఉండేది. ఆ బిందెల్లో నీళ్ళు ఉండేవి కావనుకుంటాను, ఒక్కరి నడుమూ వంగేది కాదు. నేను చేతులు గీశాను. చేతులంటే చేతులే, మోచేతి దాకా. ముఖం ఏదమ్మా అని మాస్టారు అడిగితే, ముఖం గీస్తే ముఖమే చూస్తారు సార్ అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చి పదిమందికి చెప్పారు. అలా నాకు పేరొచ్చింది. చేతుల తర్వాత కుర్చీలు గీశాను. మా ఇళ్ళలో ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగానే ఉంటాయి, ఆడవాళ్ళు వాటి పక్కన నేల మీద కూర్చుంటారు. అందుకని ఖాళీ కుర్చీ, పక్కన నేల మీద ఒక కొంగు అంచు. అవి బాగా అమ్ముడుపోయాయి. డ్రాయింగు రూముల్లో సోఫాల పైన చక్కగా నప్పుతాయట. పత్రికలవాళ్ళు నన్ను స్త్రీవాద చిత్రకారిణి అని రాయడం మొదలుపెట్టారు. నాకు ఇష్టంగానే ఉండేది. కాదంటే అబద్ధం.

అమ్మ నా ప్రదర్శనకు ఒక్కసారే వచ్చింది. వరసగా పెట్టిన చేతుల బొమ్మల ముందు చాలాసేపు నిలబడింది. వచ్చినవాళ్ళలో పెద్దోళ్ళెవరని నన్ను అడిగింది. కోటు వేసుకున్న ఒకాయనను చూపించాను. నేను పక్కకు తిరిగేలోపు అమ్మ ఆయన దగ్గరికి పోయి తన కుడిచెయ్యి చాపింది. ఆయన నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అమ్మ ఆ చెయ్యి వెనక్కు తీసుకుని మళ్ళీ చాపింది, ఆయన మళ్ళీ ఇచ్చాడు. నేనూ నా స్నేహితులూ దాన్ని తల్చుకుని ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం.

షెడ్డులో అమ్మ పక్కన కూర్చుని ఒలిచే మనిషి ఒకామె ఉంది. అమ్మకంటే చిన్నది, నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. వీధంతా ఆమెను అక్కా అనే పిలుస్తుంది, నేనూ అంతే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అమ్మ మంచాన పడ్డప్పుడు నేను ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాను. అమ్మకు నీళ్ళు పోసిందీ, తల దువ్విందీ, చివరికి కళ్ళు మూసిందీ అక్కే. అందుకు నేను ఆమెకు ఏమీ చేయలేదు. చేసింది ఇదొక్కటే.

అమ్మ పోయిన మరుసటి ఏడు ఊరికి పోతే అక్క వాకిట్లో దిగాలుగా కూర్చుని ఉంది.

“రేషన్ మిషన్లో వేలు పడలా అమ్మే. మూడు నెల్లయింది. నా వేలు నాది కాదంటాది అది.”

మరునాడు నేనే వెంటబెట్టుకుని పోయాను. మిషను దగ్గర కూర్చున్న అమ్మాయి మంచిదే. నిమ్మచెక్కతో రుద్దుకుని కడుక్కురమ్మంది. పది వేళ్ళూ ఒక్కొక్కటిగా పెట్టించింది. ఏదీ పడలేదు. కన్ను పెట్టమంటే, శుక్లాలు కమ్మిన కన్ను, అదీ పడలేదు. చివరికి ఆ అమ్మాయే జాలిపడి, “ఒక నెల రొయ్యల పనికి పోబాకమ్మా, గీతలు మళ్ళీ వస్తాయి,” అంది. నిజమే, వస్తాయట. ఆ నెలంతా ఏం తినాలో చెప్పే మిషను అక్కడ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎంత నిజమో, ఆ మంటలోనే నాకు ఒక బొమ్మ కనపడిందన్నదీ అంతే నిజం. తిరుగు ఆటో మా ఊరి మలుపు తిరిగేలోపు గుడ్డ కొలతలు కూడా వేసుకున్నాను.

షెడ్డుకు సెలవు ఆదివారమే. ఆరాధన అయ్యాక చర్చి వరండాలో తెల్లటి కోరా గుడ్డ పరిచి, ఇంకు ప్యాడు పెట్టుకుని కూర్చున్నాను. అక్క చెప్పగా ఇరవై ఆరుగురు వచ్చారు. వేలిముద్ర వేసేటప్పుడు మా ఆడవాళ్ళు ఎలా కూర్చుంటారో అప్పుడే సరిగ్గా చూశాను. ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి తమది కానట్టు వదులుగా మనకు ఇచ్చేస్తారు. ఎప్పుడూ ఎవరో ఒకరు బొటనవేలు పట్టుకుని దొర్లిస్తారు కదా, అదే అలవాటు. అయిపోగానే వేలికంటిన ఇంకు తలకు తుడుచుకుంటారు. మధ్యాహ్నానికి అందరి పాపిళ్ళ పక్కనా నీలం గీతలు.

అప్పుడు ఒకామె జాకెట్టులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల రేషను కార్డు జిరాక్సు. దీన్ని గుడ్డకు పిన్ను కొడతావా, విడిగా ఇయ్యాల్నా అని అడిగింది. తల ఎత్తి చూస్తే అందరి చేతుల్లోనూ కవర్లున్నాయి. వాళ్ళు వేస్తున్నది అర్జీ అనుకుంటున్నారు.

“దీన్ని యాడ పెడతావమ్మే?” అంది అక్క.

“హైదరాబాదులో అక్కా. పెద్దపెద్దోళ్ళొచ్చి చూస్తారు.”

“వాళ్ళు చూస్తే చాలు.”

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. జిరాక్సులు అక్కర్లేదు, ముద్ర ఉంటే చాలన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడే చెప్పాల్సింది. కానీ వెలుతురు బాగుంది, మచ్చలు నేననుకున్నదానికంటే బాగా వస్తున్నాయి, చెబితే లేచిపోతారేమోనని భయపడ్డాను. ఇంతకుమించి కారణం లేదు. ఉంటే బాగుండుననిపిస్తుంది.

నా బొమ్మలన్నిటిలోకీ దానికే ఎక్కువ పేరొచ్చింది. వెనక దీపం పెట్టి వేలాడదీస్తే ఇరవై ఆరు నీలం మచ్చలు గాలికి కదిలేవి. చూసినవాళ్ళలో కొందరికి కన్నీళ్ళొచ్చాయి. నేను మైకు పట్టుకుని, తన వేలే తనను గుర్తుపట్టని ఆడదాని గురించి మాట్లాడాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు. ఒక హోటల్‌వాళ్ళు కొని రిసెప్షన్‌లో పెట్టుకున్నారు. అక్కడ దిగేవాళ్ళు కార్డు చూపించి, సంతకం పెట్టి, దాని కింద నుంచే గదులకు పోతారు.

గ్యాలరీ ఆవిడ అలాంటిదే ఇంకొకటి కావాలంది. సరేనని ఊరికి బయల్దేరాను. నెల్లూరులో దిగి అక్కకోసం బియ్యం మూట కొన్నాను. సిగ్గుతో కొన్నాను. నా సంచిలో మాత్రం కొత్త కోరా గుడ్డా ఇంకు ప్యాడూ ఉన్నాయి, అదీ చెప్పాలి.

ఆటోలోంచి మూట దించగానే అక్క రెండు చేతులతో తడిమింది. చూపు ఆనక మూటకు మొహం ఆనించి చూసింది.

“వచ్చినాయా! చూసినారా వాళ్ళు?”

“చూసినారక్కా,” అన్నాను. మూట లోపలికి మోసుకుపోయాను.

అక్క ఆ బియ్యం ఒక్కతే తినలేదు. నలుగురికీ తలా ఒక శేరు కొలిచి పెట్టింది, అర్జీ పలికిందని వీధంతా చెప్పింది. ఆదివారం ఆరాధన అయ్యేసరికి చర్చి వరండా ఆడవాళ్ళతో నిండిపోయింది. మొదట వేసిన ఇరవై ఆరుగురూ, మాకెప్పుడొస్తాయని అడగడానికి వచ్చారు. వాళ్ళ వెనక అప్పుడు వేయనివాళ్ళు, పక్క పల్లెలవాళ్ళు, చేతుల్లో అవే ప్లాస్టిక్ కవర్లతో. కొందరు వేళ్ళకు నిమ్మచెక్క రుద్దుకుని వచ్చారు, వరండా అంతా ఆ వాసన.

అక్కను చర్చి వెనక కుళాయి దగ్గరికి తీసుకుపోయాను.

“అక్కా, అది అర్జీ కాదు. నేను దాన్ని ఏ ఆఫీసులోనూ ఇయ్యలా. బొమ్మ మాదిరి గోడకు పెట్టినా. ఆ బియ్యం కూడా నేను కొన్నవే.”

అక్క చేతులు కడుక్కుంటోంది. కుళాయి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

“చూసినోళ్ళు ఏమన్నారు?”

“బాగుందన్నారు.”

“ఏంది, మా వేళ్ళా?”

“ఊఁ.”

“బియ్యం సంగతి ఎవురూ అడగలా?”

“లేదక్కా.”

అక్క మెల్లగా అంది:

“మీ అమ్మ కూడా ఇట్నే అనుకునింది. నా బిడ్డ మన చేతులు గీసి పెద్దోళ్ళకి చూపిస్తా ఉండాదే, చూస్తే ఏదో ఒకటి చేస్తారే అనేది. నేనే పోయి ఒకాయనకి చెయ్యి చూపించినా, ఆయన పట్టుకుని ఊపినాడే గానీ చూళ్ళేదే అని శానా రోజులు బాధపడింది.”

నాకు ఏడుపు రాలేదు. నేను ఇరవై ఏళ్ళు గీసిందంతా ఆ కుళాయి దగ్గరే అయిపోయింది. వరండాలోంచి ఎవరో అక్కా అక్కా అని పిలుస్తున్నారు. పోయి వాళ్ళకు చెప్పేస్తానని కదిలాను. అక్క నా చెయ్యి పట్టుకుంది, అమ్మ వేళ్ళలాగే జారుతూ తగిలాయి.

“చెప్పబాక. అంత దూరం నుంచి వచ్చుండారు. చెప్తే ఇంటికి పోయి ఏం చేస్తారు? గుడ్డ పరువు, పో.”

పరిచాను. అక్కే ముందు కూర్చుంది. అంతా తెలిసి కూడా ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి వదులుగా నాకు ఇచ్చేసింది. బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్ది గుడ్డ మీద దొర్లించాను. నున్నటి నీలం మచ్చ పడింది. అక్క దాన్ని చూడలేదు. వేలు తలకు తుడుచుకుని, వెనకున్న వాళ్ళందరికీ వినపడేలా గట్టిగా అంది:

“ఈసారి బాగా పడిందే. రాండి, రాండి.”