తడిగుడ్డతో తుడిచిన రాడ్లు

పోయిన వారం కరీంనగర్‌లో మా ఇంటి గేటు అతకడానికి వచ్చిన వెల్డరు, వానకు తడిసిన సంచిలోంచి వెల్డింగ్ రాడ్లు తీసి అలాగే పని మొదలుపెట్టబోయాడు. వాటిని ఆరబెట్టావా అని అడిగాను. "గేటుకేంది మేడం, గిదేమన్న రైలింజనా?" అని నవ్వాడు. నిజమే, గేటుకు ఏమీ కాదు. అయినా ఆ తడి సంచి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. బాపు పోయి అప్పటికి మూడు నెలలు.

నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు శ్రీరాంపూర్‌లో ఒక బొగ్గుగని వర్క్‌షాపులో వెల్డరు. రాడ్లు పొడిగా ఉండాలన్న పట్టింపు ఆయనకు ఆదివారం ప్రార్థనకు వేళకు చేరాలన్న దానికంటే ఎక్కువ. రాడ్డు పైపూతలో తేమ ఉంటే, అతికేటప్పటి వేడికి ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ కరిగిన ఉక్కులోకి చేరుతుంది. ఉక్కు చల్లబడ్డాక కూడా అది ఒకచోట నిలవదు. పరమాణువుల సందుల్లో కదులుతూ, లోహం ఎక్కడ బిగువుగా ఉంటే అక్కడికి పోతుంది. టైటానియంలాంటి లోహాలతోనైతే కలిసిపోయి హైడ్రైడ్ అనే పెళుసు పదార్థమవుతుంది. ఉక్కులో అలా కలవకుండానే పగులు తెస్తుంది. అదీ వెంటనే కాదు, ఒక్కోసారి రెండు రోజులకు. ఇదంతా నేను తర్వాత చదువుకుని బడిలో పాఠంగా చెప్పాను. బాపు మాత్రం "ఇనుము నీళ్లు తాగింది" అనేవాడు, అంతే.

ఒక వానాకాలం వర్క్‌షాపులో రాడ్లు కాల్చి తేమ పోగొట్టే పెట్టె చెడిపోయింది. గని కార్మికుల ఇళ్లలో బొగ్గుల పొయ్యి ఆరేది కాదు కనుక, బాపు రాడ్లను ఇంటికి తెచ్చి, తెల్లవారుజామున రేకు మీద పరిచి పొయ్యి మీద కాల్చాడు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి అవ్వ వాటిని డబ్బాలో సర్ది ఇచ్చింది. ఆ రోజు వాటితోనే, కార్మికులను గనిలోకి దించే బండికి తాడు తగిలించే ఇనుప పట్టీని అతికాడు. సాయంత్రం అన్నం తింటుంటే అవ్వ చెప్పింది, కొంచెం గొప్పగానే: "రాడ్లకు బూడిదంటింది. తడిగుడ్డతోని మంచిగ తుడిచి పెట్టిన."

బాపు ముద్ద కంచంలో పెట్టేశాడు. పట్టీని అప్పటికే బండికి బిగించారు. పొద్దున మొదటి షిఫ్టులో ఆ బండిలో దిగేవాళ్లలో మా అన్న ఉన్నాడు. బాపు అవ్వను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. నా బడిసంచిలోంచి సుద్దముక్క తీసుకుని, వానలోనే సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అక్కడ జరిగింది అన్న తర్వాత చెప్పాడు. ఇంజనీరు పట్టీని సుత్తితో కొట్టి చూసి, పగులెక్కడని అడిగాడట. "ఇప్పుడు కనబడది సారూ. రెండు రోజులు ఆగాలె. తప్పు నాదే," అన్నాడట బాపు. ఇంజనీరు విసుక్కుంటూనే బండి ఆపించాడు. ఆ రెండు రోజులూ షిఫ్టుకు వెళ్లినవాళ్లంతా వాలుదారిలో నడిచి దిగి, నడిచే ఎక్కారు. "మీ బాపు పుణ్యాన మోకాళ్లు అరిగినయి" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే అన్న ఇంటికొచ్చి మూతి ముడుచుకునేవాడు. అవ్వ తినలేదు. పగులు రాకపోతే బాపు నవ్వులపాలవుతాడు. వస్తే, ఆ పొద్దున బండి దిగి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలిసిపోతుంది. దేనికోసం ప్రార్థించాలో నాకు తెలియలేదు.

మూడో పొద్దున బాపు అతుకుకు కిరోసిన్ పట్టించి, శుభ్రంగా తుడిచి, పైన సుద్ద రుద్దాడు. కాసేపటికి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లటి గీత తేలింది. లోపల దాగిన కిరోసిన్ పగులులోంచి బయటికొచ్చిందన్నమాట. అన్న ఆ సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. బాపు అవ్వతో అన్నది ఒక్కటే: "బూడిదుంటే ఉండనీయే. నీళ్లు తాకియ్యకు."

బాపును సమాధి చేసిన రోజు నేను ఏడవలేదు. గట్టి మనిషి అన్నారు మా చర్చి సంఘంవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. గేటు అతుకు బాగానే ఉంది, వారమైంది. ఇనుముకు పగులు తేలాలంటే రెండు రోజులు ఆగితే చాలని బాపుకు తెలుసు. మనిషికి ఎంతకాలం ఆగి చూడాలో మాత్రం ఆయన చెప్పి పోలేదు.