తలుపు పట్టని గుమ్మి

సెల్‌ఫోన్‌లో మాట్లాడాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాల్సిన రోజులవి. మా ఊళ్లో పశువుల దవాఖానా కొత్త బిల్డింగులోకి మారింది. పాతది ఖాళీగా ఉంటే మేకలు కాపురం పెట్టాయి. సర్పంచిని అడిగితే, "మేకల కన్న మీరే నయం, వాడుకోండ్రి" అని తాళంచెవి ఇచ్చాడు. సారపాక కాగితం మిల్లులో, వెదురు యార్డులో పనిచేసి రిటైరైన ఒకాయన, బడిలో సాంఘికశాస్త్రం చెప్పే నేను, ఇద్దరం కలిసి అందులో మా ఊళ్ల మ్యూజియం పెట్టాలనుకున్నాం. ఆయన్ని నేను అన్నా అంటాను. ఆయన నన్ను చెల్లె అంటాడు, కోపమొస్తే మేడమ్ అంటాడు. రోజుకొకసారైనా నేను మేడమ్ అయ్యేదాన్ని.

పాత వస్తువులుంటే తెమ్మని ఊరూరా చెప్పించాం. విల్లంబులు, చేపల బుట్టలు, నీళ్లు మోసిన సొరబుర్రలు వచ్చాయి. వాటితోపాటు మోగని రేడియో, చక్రం లేని సైకిల్ కూడా వచ్చాయి. ఒకాయన కాలిపోయిన కరెంటు మోటారు మోసుకొచ్చి, "ఇది గూడ పాతదే గదా మేడమ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అన్న మాత్రం ఆయనకు చాయ్ ఇప్పించి, మోటారును మర్యాదగా మూలన పెట్టించాడు. ఇలాంటి మర్యాదలతో సగం గది నిండిపోయింది.

నా మనసంతా గుమ్మి మీదే ఉండేది. గుమ్మి అంటే వడ్లు పోసుకునే పెద్ద వెదురు బుట్ట. నిలబడితే మన తలకన్నా ఎత్తు, ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు. పైన పేడ, మట్టి కలిపి అలుకుతారు. దాన్ని ఇంటి లోపలే కూర్చుని అల్లుతారు, అది అక్కడే ఉంటుంది. అప్పటికే అందరూ ప్లాస్టిక్ డ్రమ్ములకూ గోనె సంచులకూ మారిపోయారు. పక్క గూడెంలో ఒక అవ్వ ఇంట్లో మాత్రం గుమ్మి ఇంకా చెక్కుచెదరకుండా ఉందని తెలిసింది.

వెళ్లి చూస్తే ఇంటికన్నా అదే ఘనంగా ఉంది. ఆ అవ్వ పెనిమిటి, వాళ్లు వేరు కాపురం పెట్టిన ఏడాది అల్లాడట. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు కొడుకుకు పక్కా ఇల్లు మంజూరైంది. వానలకు ముందే ఆ జాగాలో పునాది తీయాలి, పాత ఇల్లు విప్పేయాలి. గుమ్మిని గొడ్డలితో కొట్టి పొయ్యిలో పెడదామని కొడుకు అంటున్నాడు.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఇల్లు పోతే పోనీ బిడ్డా, మళ్ల కట్టుకుంటరు. గీ గుమ్మిని మళ్ల ఎవరల్లుతరు? పలగకుండ తీస్కపోతవా?"

"తీసుకుపోతానవ్వా" అన్నాను. ఎలాగో నాకు తెలియదు.

తెలిసినవాళ్లు గూడెంలో చాలామందే ఉన్నారు. పెద్దలంతా చేరి గుమ్మి చుట్టూ తిరిగారు. వెనక గోడ విప్పాలా, పక్క గోడ విప్పాలా అని గంటసేపు వాదించుకున్నారు. మా దగ్గర ఇళ్లకు తడిక గోడలే. మంచం బయటికి రాకపోతే కట్లు కోసి గోడను పక్కకు తీస్తారు, పని కాగానే మళ్లీ కట్టేస్తారు. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను కాబట్టి నాకూ అదేం వింతగా తోచలేదు. చివరికి వెనక గోడ గెలిచింది.

గుమ్మి కింద బొంగులు దూర్చి, చుట్టూ గడ్డి కట్టి, ఈలలేస్తూ లేపారు. ఎవరు పిలిచారో తెలియదు, డోలు వచ్చేసింది. డోలు వచ్చాక ఆడవాళ్లు ఊరుకుంటారా, రేల పాట ఎత్తుకున్నారు. పెళ్లికూతురిని సాగనంపినట్టే ట్రాక్టర్ ట్రాలీ ఎక్కించారు. ట్రాక్టర్ ముందు నేను నడుస్తూ, గుంత వచ్చినప్పుడల్లా అరుస్తున్నాను. అవ్వను ట్రాలీలో కూర్చోమంటే వినలేదు. పక్కనే నడుస్తూ, దారిపొడవునా గుమ్మి మీద నుంచి చెయ్యి తీయలేదు.

దవాఖానా ముందు దించాం. తలుపు దగ్గరికి తెచ్చాం. గుమ్మి లోపలికి పోలేదు.

డోలు ఆగింది. వెనక నుంచి ఎవరో, "అడ్డం తిప్పుండ్రి" అన్నారు. తిప్పారు. పోలేదు. "ఇంకోదిక్కు తిప్పుండ్రి" అన్నారు. అప్పుడు అన్నకు ఓపిక నశించింది. "గుండ్రటి దానికి అడ్డమేంది, నిలువేందిరా!" అని అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"తలుపు కొలవలేదా అన్నా?"

"నువ్వు కొలిచినవా మేడమ్?"

ఎవరూ కొలవలేదు. పుట్టి బుద్ధెరిగి మా గూడేల్లో తలుపు కొలిచిన పాపాన ఎవరూ పోలేదు. పట్టకపోతే గోడ విప్పుతాం, అంతే కదా! ఇక్కడున్నదేమో ఇటుక గోడ. ఒకాయన గడ్డపార పట్టుకుని సర్పంచి వైపు చూశాడు. సర్పంచి రెండు చేతులూ జోడించాడు. "సర్కారు గోడ నాయినా. ముట్టుకుంటే నా కుర్చీ పోతది."

అంతలో గోదావరి వైపు నుంచి చల్లగాలి కొట్టింది. చూస్తే మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. తడిస్తే అలుకు కరిగిపోతుంది, పాత వెదురు ఎన్నాళ్లో నిలవదు. వెనక్కి తీసుకుపోదామంటే అక్కడ ఇల్లేది? అప్పటికే కొడుకు పైకప్పు విప్పుతున్నాడు. అవ్వ నేలమీద కూలబడి గుమ్మికి వీపు ఆనించుకుంది. పలగకుండా తీసుకుపోతానని మాటిచ్చింది నేనే.

అన్న మబ్బును చూశాడు, గుమ్మిని చూశాడు, ట్రాక్టర్‌ను చూశాడు. "గుమ్మి ఇంట్లకు పోకుంటే ఏమాయె? ఇంటినే గుమ్మి కాడికి తెద్దాం. జల్దీ నడువుండ్రి!"

ఒక్కసారిగా అందరికీ అర్థమైంది. ట్రాక్టర్ గూడేనికి ఉరికింది. అవ్వ ఇంటి తడికలు, గుంజలు, దూలాలు, తాటాకు అన్నీ వేసుకుని వచ్చింది. కొడుకు కూడా ట్రాలీ మీద నిలబడి వచ్చాడు. గుమ్మిని కొట్టేద్దామన్న మనిషే అందరికన్నా ముందు దాని చుట్టూ గుంజలకు గుంతలు తవ్వాడు. మగవాళ్లు గుంజలు పాతుతుంటే ఆడవాళ్లు తడికలు కట్టారు. నేను తాటాకు అందిస్తూ అందరినీ తిడుతున్నాను, ఎవరూ పట్టించుకోవడం లేదు. కప్పు సగమయ్యేసరికి వాన దబదబా దిగింది. తక్కిన సగం వానలోనే కప్పారు. మేమందరం తడిసి ముద్దయ్యాం. గుమ్మి మీద నాలుగు చినుకులు పడ్డాయేమో, అంతే. వాన చప్పుడును మించి డోలు మోగింది. ఆ సాయంత్రం పడ్డ సంతోషం నేను మళ్లీ ఏ పండుగలోనూ పడలేదు.

తర్వాత మ్యూజియం కూడా దవాఖానా గదిలో నిలవలేదు. విల్లంబులు, బుట్టలు, సొరబుర్రలు అన్నీ ఆ గుడిసెలోకే చేరాయి. ఇటుకల గది కరెంటు మోటారుకు, రేడియోకు మిగిలింది.

మ్యూజియం తెరిచే ముందు రోజు నేను వస్తువుల పక్కన అట్టలు పెడుతున్నాను. అవ్వ గోడలు అలకడానికి వచ్చింది. గుమ్మి దగ్గర పెట్టిన అట్ట చూపించి అడిగింది. "ఏం రాసినవు బిడ్డా?"

చదివి వినిపించాను. "గుమ్మి. వడ్లు నిల్వ చేసుకునేది. వెదురు, పేడ, మట్టి."

"అల్లినాయన గురించి రాయలేదా?"

నిజమే, రాయలేదు. "పేరు చెప్పవ్వా, రాస్తాను."

అవ్వ సిగ్గుపడి ముఖం తిప్పుకుంది. మా దగ్గర ఆడవాళ్లు పెనిమిటి పేరు నోటితో పలకరు. ఈ అవ్వ కూడా ఎన్నడూ పలికి ఉండదు. పక్కనే ఉన్న అన్నకు ఆయన పేరు తెలుసు, చెప్పబోయాడు. అవ్వ పేడ చెయ్యి ఎత్తి ఆపింది. "నువ్వాగు. నా ఇంటాయన పేరు నువ్వెందుకు చెప్తవ్?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది. నాకు వినబడింది గానీ, రాయడం మరిచి ఆమెనే చూస్తూ ఉండిపోయాను. వినలేదనుకుందేమో, కొంగు తీసేసి ఈసారి గట్టిగా చెప్పింది. చెప్పి, ఆ పేరు తన గొంతులో ఎలా ఉందో విన్నట్టు ఒక క్షణం ఆగింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇగ రాయి. మళ్ల చెప్పమంటే చెప్ప."

నేనూ కళ్లు తుడుచుకుని కొత్త అట్ట తీశాను. ఆయన పేరు పైన పెద్దక్షరాలతో రాశాను. గుమ్మి అన్న మాట దాని కిందికి పోయింది.