వీపును వదలని చెయ్యి

ఈ రోజు కామారెడ్డిలోని మా క్లినిక్‌కు ఎల్లారెడ్డి వైపు నుంచి సాయవ్వ అనే కూలీ, భర్తనూ అత్తనూ వెంటబెట్టుకుని వచ్చింది. రెండు నెలల కింద పొలం గట్టు మీద జారిపడ్డప్పటి నుంచి ఆమెకు కుడి భుజం నొప్పి.

"చెయ్యి మంచిగనే లేస్తది మేడం. నాట్లకు పోవుడు తప్పిచ్చుకునేటందుకు నాటకాలు," అన్నాడు భర్త. సాయవ్వ తల వంచుకుంది.

చెయ్యి నిజంగానే పైకి లేచింది. అప్పుడు చేతిని నడుము వెనక పెట్టించి, వీపు నుంచి దూరంగా జరపమన్నాను. ఎడమ చెయ్యి సులువుగా జరిగింది. కుడిది ఎంత పెనుగులాడినా వీపును వదల్లేదు. రెక్క ఎముక లోపలివైపు ఉండే సబ్‌స్కాపులారిస్ కండరం చేయాల్సిన పని అది. స్కాన్ తీయిస్తే ఆ కండరమే చిరిగి ఉంది.

రిపోర్టు చదివి చెప్పగానే సాయవ్వ భర్త వైపు తిరిగింది. "ఇన్నవా? నాటకం కాదట! డాక్టరమ్మా, ఇంకోపారి గట్టిగ సదువు. బయట మా అత్తకు గూడ ఇనవడాలె."

హాలంతా వినిపించేలా చదివాను. మెడిసిన్ చదివేటప్పుడు వైవా పరీక్షలో కూడా నా గొంతు అంత లేవలేదు. భర్త మెల్లగా ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

మీ నొప్పినీ ఎవరైనా నాటకమన్నారా? చివరికి ఎవరు గెలిచారో చెప్పండి.